మద్ది బెరడు: వగరు వెనక రసాయనం

2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది చెట్టుకు గాటు పెడితే నీళ్లు ధార కట్టాయి. ఆ వీడియో ఫోన్ల నిండా తిరిగింది. ఆ కొండల్లో ఉండే కొండరెడ్ల తెగవాళ్లకు మాత్రం అందులో వింతేమీ లేదు. నల్లమద్ది నీళ్లు దాచుకుంటుందని వాళ్లకు ముందునుంచీ తెలుసు. నీళ్ల సంగతి అలా ఉంచితే, మద్ది చెట్లలో ఏ పదార్థాలున్నాయో తేల్చే పని విశాఖపట్నంలో అరవై ఏళ్ల కిందటే జరిగింది. దాని గురించి ఊళ్లో చాలామందికి తెలియదు.

నల్లమద్ది మెట్ట అడవుల చెట్టు. గడ్డి, ఎండ, ఏటా రాజుకునే కార్చిచ్చు దానికి అలవాటే. మొసలి వీపులా పగుళ్లు దేరిన మందపాటి బెరడే దాని కవచం. తెల్లమద్ది దీని తోబుట్టువు. ఏటి గట్టున ఉంటుంది, నున్నటి తెల్లటి మాను, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రుల్లో అర్జున పత్రం దీనిదే. జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో ఆంజనేయస్వామి వెలసింది మద్ది చెట్టు తొర్రలోనే. దసలి పట్టుపురుగుకు రెండు చెట్ల ఆకులూ మేత. కరక్కాయ, తాని, నాటు బాదం కూడా మద్ది చెట్లుండే టెర్మినేలియా ప్రజాతిలోవే. ఆఫ్రికా సవన్నాల్లోనూ వీటి చుట్టాలున్నాయి, అక్కడి నాటువైద్యులూ వాటి బెరడు, వేళ్లు వాడతారు.

తెల్లమద్ది బెరడు ముక్క నమిలి చూడండి. క్షణంలో నాలుక మొద్దుబారి, నోరు పిడచకట్టుకుపోతుంది. అది టానిన్ల పని. ఎండు బెరడు బరువులో ఐదో వంతు దాకా ఇవే ఉంటాయి. టానిన్ అణువుకు ప్రోటీన్ కనిపిస్తే చాలు, పట్టుకుని ముద్దచేస్తుంది. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లు అలా ముద్దకట్టడమే వగరు. పచ్చితోలు కుళ్లకుండా గట్టిపడేదీ ఇందువల్లే. తోలులోని ప్రోటీన్ అయిన కొల్లాజెన్‌ను టానిన్ పట్టేస్తుంది. మన తోళ్ల పరిశ్రమ తంగేడు బెరడునూ కరక్కాయనూ ఏళ్ల తరబడి వాడింది ఈ గుణం కోసమే. చెట్టుకు మాత్రం తోలు గొడవ అక్కర్లేదు. పురుగునీ బూజునీ దూరం పెట్టడానికి అది టానిన్లు తయారుచేసుకుంటుంది.

విశాఖ ఉక్కునగరం కాబట్టి ఇనుము సంగతీ చెప్పుకోవాలి. మద్ది కషాయంలో తుప్పు పట్టిన మేకు వేసి ఉంచితే కషాయం నల్లబడుతుంది. టానిన్, ఇనుము కలిసి నల్లటి లవణంగా మారతాయి. పాతకాలపు సిరా రహస్యం ఇదే. ఇనుప సామాను మీది తుప్పును నల్లటి పొరగా మార్చే ద్రవాల్లో టానిక్ ఆమ్లం వాడేదీ ఇందుకే. వంటింటికి వస్తే, కషాయం ఇనుప గిన్నెలో కాచకూడదు. తిండిలోని ఇనుమునూ టానిన్లు ఒంటబట్టనివ్వవు గనక రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతోపాటు తాగకపోవడం మంచిది.

ఇప్పుడు వాల్తేరుకు వద్దాం. మాంచెస్టర్‌లో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ రాబిన్సన్ దగ్గర చదువుకుని వచ్చిన టి.ఆర్. శేషాద్రి 1930ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్ర శాఖను నిలబెట్టారు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలింది, అయినా పని ఆగలేదు. 1949లో ఆయన ఢిల్లీకి వెళ్లిపోయారు. ఆయనతో కలిసి పరిశోధనా పత్రాలు రాసిన ఎల్. రామచంద్ర రో ఇక్కడే ఉండి మద్ది చెట్లను పట్టుకున్నారు. నేల ఉసిరిలోని ఫిల్లాంథిన్ మీద పనిచేసిన బృందమూ ఆయనదే.

బెరడు రసాయనజ్ఞుడికి టానిన్ పెద్ద తలనొప్పి. కషాయం చిక్కబెడితే మిగిలేది గోధుమరంగు జిగట, అందులోంచి స్ఫటికాలు రావాలంటే ఓపిక కావాలి. టానిన్లు నీళ్లలో కరుగుతాయి. ముప్పై కార్బన్ పరమాణువుల ట్రైటెర్పీన్లేమో ఈథర్ వంటి ద్రావకాలకు లొంగుతాయి. ఆ తేడాను ఆసరాగా చేసుకుని వేరుచేయాలి. దొరికిన పదార్థం నిర్మాణం తేల్చడానికి ఈనాటి యంత్రాలు అప్పుడు లేవు. అణువును ముక్కలు చేసి, తెలిసిన పదార్థంగా మార్చి, పోల్చి చూసుకోవాలి. 1954లో బ్రిటన్ శాస్త్రవేత్తలు తెల్లమద్ది నుంచి తీసిన అర్జునోలిక్ ఆమ్లం అనే ట్రైటెర్పీన్ నిర్మాణం చెప్పారు. 1962లో రో, సుబ్బారావు నల్లమద్దిలో టొమెంటోసిక్ ఆమ్లం కొత్తదని చూపించారు. 1970లో రో బృందమే తెల్లమద్ది బెరడులో అర్జునిక్ ఆమ్లాన్నీ, దానికి గ్లూకోజు తగిలించిన అర్జునెటిన్‌నూ వెల్లడించింది. ఈనాడు మద్ది మందుల నాణ్యత చూసేవాళ్లు కొలిచే పదార్థాల్లో ఇవి ఉన్నాయి. ఓడరేవు గురించీ స్టీల్‌ప్లాంటు గురించీ చెప్పుకున్నంతగా విశాఖ ఈ స్ఫటికాల గురించి చెప్పుకోదు. చెప్పుకోవాలి.

మరి తెల్లమద్ది బెరడు గుండెజబ్బుకు పనిచేస్తుందా? ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడి కాలం నుంచి ఆ వాడుక ఉంది. పరీక్షనాళిక ఫలితాలూ బోలెడు. వాటిని నేను కొంత అనుమానంగానే చూస్తాను. కంటబడ్డ ప్రతి ప్రోటీన్‌నూ పట్టేసే టానిన్, పరీక్షలో పెట్టిన ఏ ఎంజైమునైనా ఆపేస్తుంది. దాన్ని మందు గుణం అనుకుంటే పొరపాటే. టానిన్లు తీసేసి మళ్లీ పరీక్షించినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. పైగా అంత పెద్ద అణువులు పేగు దాటి రక్తంలోకి వెళ్లలేవు. పేగులోని బ్యాక్టీరియా వాటిలో కొన్నింటిని చిన్న ముక్కలుగా, యూరోలిథిన్లుగా మారుస్తుంది, అదీ మనిషి మనిషికీ ఒకేలా జరగదు.

మనుషుల మీద జరిగిన పరీక్షలు తక్కువ. 1995లో ఇండోర్ వైద్యులు తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 12 మందికి బెరడు సారం ఇచ్చి మెరుగు చూశారు. 2002లో ఛాతీనొప్పి ఉన్న 58 మంది మీదా ఆశాజనక ఫలితమే వచ్చింది. సంఖ్యలు మరీ చిన్నవి. 2016లో ఢిల్లీ ఎయిమ్స్ బృందం వంద మంది గుండె వైఫల్య రోగుల మీద 12 వారాల పరీక్ష ఫలితం ప్రచురించింది. రోగికీ వైద్యుడికీ ఎవరు ఏది మింగుతున్నారో తెలియని పద్ధతి అది. గుండె రక్తాన్ని తోసే శక్తి పెరగలేదు. కొందరికి నడక, ఆయాసం విషయంలో కాస్త తెరిపి కనిపించింది, అంతే.

అందుచేత మద్ది చూర్ణం గుండె మాత్రలకు బదులు కాదు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఆ సంగతి దాచకుండా మీ డాక్టరుకు చెప్పండి. పెరట్లోనో ఏటి గట్టునో చెట్టు ఉండి బెరడు తీసుకునేవాళ్లు చుట్టూ ఒలవకండి, ఒక పక్కనే పైపొర వరకు తీసుకుని లోపలి పొర వదిలేయండి. చుట్టూ ఒలిస్తే ఆకులు చేసిన ఆహారం వేళ్లకు అందదు, చెట్టు చచ్చిపోతుంది.