ఇరువదియొక్క అంకెల వ్యాజ్యము

147573952589676412927. రెండ్లను అఱువదియేడింటిని వరుసగా గుణించి, వచ్చిన ఫలమునుండి ఒకటి తీసివేసినచో ఈ సంఖ్య లభించును. ఒకటిచేతను తనచేతను దక్క మఱి దేనిచేతను భాగింపబడని ప్రధానసంఖ్య యను కీర్తిని ఇది రెండువందల ముప్పది యేండ్లకు పైగా అనుభవించినది. ఆ కీర్తి దానికి చెల్లదు.

ఇట్లు రెండ్ల గుణితమునుండి ఒకటి తీసివేయగా వచ్చునవి చిత్రమైన సంఖ్యలు. రెండు, మూడు, అయిదు, ఏడు మారులకు క్రమముగా 3, 7, 31, 127 వచ్చును, అన్నియు ప్రధానసంఖ్యలే. పదునొకండు మారులకు వచ్చు 2047 మాత్రము 23, 89 ల గుణితము. 1644 వ సంవత్సరమున మర్సెన్ అను ఫ్రెంచి సన్యాసి 257 మారుల వఱకు ఏవేవి ప్రధానములో ఒక పట్టిక ప్రకటించెను. అందు 67 కలదు. ఉపపత్తి లేదు. అంత పెద్ద సంఖ్యలను ఆయన పరీక్షించియుండుట యసంభవమని నాటివారికిని తెలియును. ఐనను కాదనుటకు సాధనము లేక ఊరకుండిరి. పెద్దలమాట యనిన పడమటివారికిని మనకున్నంత భక్తియే! 67, 257 ఆ పట్టికలో చేరరానివి. 61, 89, 107 చేరవలసియుండియు చేరనివి.

1876 లో ఫ్రెంచివాడగు లూకా, భాజకములను వెదకుటతో పనిలేని పరీక్ష నొకదానిని కనిపెట్టెను. 1930 లో లెహ్మర్ దానిని దిద్ది సులభము గావించెను. 31 ని పరీక్షింతము. నాలుగుతో ఆరంభించి, వర్గము చేసి, రెండు తీసివేసి, 31 చే భాగింపగా మిగిలినది గ్రహింపవలెను. 4 నుండి 14. 14 నుండి 194, అనగా శేషము 8. 8 నుండి 62, అనగా శేషము సున్న. అయిదు మారుల సంఖ్యకు రెండు తక్కువగా, అనగా మూడు మెట్లలో, సున్న వచ్చినది గావున 31 ప్రధానము. 67 మారుల సంఖ్యకు అఱువదియైదు మెట్లెక్కినను సున్న రాదు. లూకా 1876 లోనే ఇది ప్రధానము కాదని తేల్చెను. కాని దానిని భాగించు సంఖ్య లేవియో ఆయన పరీక్ష చెప్పజాలదు. ఆస్తిలో భాగస్థు లున్నారని తీర్పు వచ్చినది. భాగస్థుల పేళ్లు మాత్రము తెలియలేదు.

1903 అక్టోబరు 31 వ తేదీన న్యూయార్కులో అమెరికా గణితసంఘ సభయందు కోల్ అను ఆచార్యుడు నల్లబల్ల యొద్దకు పోయి, ఒక వంక రెండ్ల గుణితము చేసి ఒకటి తీసివేసెననియు, వేఱొక వంక 193707721 ని 761838257287 చే గుణించెననియు, రెండు ఫలములు నొక్కటే కాగా మాటాడకయే కూర్చుండెననియు చెప్పుదురు. మూడేండ్ల ఆదివారములు దీనికి పట్టినవట. ఈ గుణకారమును మన పాఠకులలో ఓపికగలవారు ఒక పూటలో సరిచూచుకొనవచ్చును. గుణించుటకు ఒక పూట, విడదీయుటకు మూడేండ్లు!

నేటి యంత్రము కోల్ శ్రమను ఱెప్పపాటులో ముగించును. కాని ఆఱువందల అంకెలకు మించిన సంఖ్య, రెండు మహాప్రధానముల గుణితమైనచో, నేటి యంత్రములకును లొంగుట లేదు. బ్యాంకులు మన సొమ్ము లెక్కల రహస్యమును కాపాడుటకు వాడు తాళములలో ముఖ్యమైన దొకటి ఈ కష్టముపైననే నిలిచియున్నది. 2002 లో కాన్పూరు సాంకేతిక విద్యాసంస్థయందు మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అను మువ్వురు, ఎట్టి సంఖ్య యైనను ప్రధానమా కాదా యని నిస్సందేహముగా తేల్చు మార్గమును ప్రకటించిరి. అంకెలు పెరిగినను దాని శ్రమ మితముగనే పెరుగును. ఆ మార్గమును లూకా పరీక్షవలెనే తీర్పు చెప్పునే గాని, భాగస్థులను పట్టియియ్యదు.