డెల్టా తడిలో నిలువు కాక్టస్: మొదలు కుళ్లకుండా పెంచడం ఎలా?



కడియం, కడియపులంక, బుర్రిలంక నర్సరీల్లో స్తంభాల్లా నిలబడి ఉండే కాక్టస్‌లు చూసే ఉంటారు. వాటిలో ఎక్కువగా కనిపించేది సెరియస్. సరదాపడి తెచ్చుకుంటాం, వానాకాలం దాటేసరికి మొదలు మెత్తబడి పక్కకి ఒరిగిపోతుంది. మొదటి ఏడాది నావి 12 మొక్కల్లో 9 పోయాయి. తప్పు నాదే. వంగకి చేసినట్టే దీనికీ వరిగడ్డి ఆచ్ఛాదన పరిచి, 15 రోజులకోసారి జీవామృతం పోశాను.

ఇది దక్షిణ అమెరికా మొక్క. కాండమే దాని నీళ్ల ట్యాంకు. పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి తీసుకుంటుంది, అందుకే నీళ్లు పెద్దగా పోవు. వేర్లు పైపైనే పరుచుకుంటాయి, వాటికి గాలి ఆడాలి. మన నల్లమట్టి తడిస్తే బంకలా అతుక్కుపోతుంది. జూన్‌లో మొదలైన వానలు, ఆ తర్వాత తుఫాన్లు, నవంబరు దాకా ఆరనివ్వవు. వాఫస, వాఫస అని మనం అంటుంటాం కదా, ఆ మాట నాకు ఈ మొక్క దగ్గరే సరిగ్గా అర్థమైంది.

ఇప్పుడు నేను వాడే మట్టి: గోదావరి ముతక ఇసుక 2 పాళ్లు, తోటమట్టి 1 పాలు, కాల్చిన ఊక 1 పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు. అడుగున ఇటుక ముక్కలు. మట్టికుండీ అయితే మంచిది, చిల్లు తప్పనిసరి. నేలలో పెడితే అడుగున్నర ఎత్తు దిబ్బ పోయండి. ఆచ్ఛాదన మాత్రం వద్దు, కావాలంటే గులకరాళ్లు పరచండి.

ముక్కతో పెంచడం తేలిక. అడుగు ముక్క కోసి, కోతకి బూడిద అద్ది, నీడలో 10 నుంచి 15 రోజులు ఆరబెట్టండి. కోత గట్టిపడ్డాకే 2, 3 అంగుళాల లోతున నాటి, కర్ర ఊతం కట్టండి. వారం దాకా నీళ్లు వద్దు. పచ్చి కోతని నాటితే కుళ్లడం ఖాయం.

వేసవిలో 10 రోజులకోసారి, చలికాలంలో నెలకోసారి నీళ్లు చాలు. వానాకాలంలో అసలు పోయను, కుండీలు చూరు కిందకి జరుపుతాను. జీవామృతం 1 లీటరు 20 లీటర్ల నీళ్లలో కలిపి, ఏడాదికి రెండుసార్లే, అదీ వానలకి ముందు. షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కని ఒక్కసారిగా మే ఎండలో పెట్టకండి, తొక్క మాడి పసుపు మచ్చలు పడతాయి. పిండినల్లి వస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

మొదలు గోధుమరంగుకి తిరిగి మెత్తబడితే ఆలోచించకుండా పైకి కోసేయండి. లోపల గోధుమ చుక్క కూడా లేని తెల్లటి కండ వచ్చేదాకా కోయాలి, ప్రతి కోతకీ కత్తి తుడవాలి. పై ముక్క ఆరబెడితే మళ్లీ మొక్కే. మిగిలిన 3 మొక్కల్లో రెండింటిని అలాగే దక్కించుకున్నాను. వీడియోలో ఆ కోత దగ్గరగా చూపించాను.

అన్నట్టు, గిల్లితే పాలు కారితే అది కాక్టస్ కాదు, మన చేలగట్ల బొంతజెముడు చుట్టం. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, జాగ్రత్త.

సెరియస్ తెల్లటి పువ్వు రాత్రి విచ్చుకుని పొద్దెక్కేసరికి వాడిపోతుంది. పండు తినొచ్చు. ఇజ్రాయెల్‌లో కూబో పేరుతో తోటలు వేశారు. కానీ ఒకే తల్లి ముక్కలన్నీ ఒకే మొక్క లెక్క, వాటి పుప్పొడి వాటికి సాధారణంగా పనికిరాదు. పండు మీద ఆశ ఉంటే వేర్వేరు తల్లిమొక్కలవేనా అని అడిగి రెండు ముక్కలు తెచ్చుకోండి. రాత్రి టార్చిలైటు పట్టుకుని కుంచెతో పుప్పొడి అద్దడం మాత్రం మన పనే అండి.