మంచు వాలుకు మోకాళ్లను సిద్ధం చేసుకొనండి

మార్గశిరం ప్రవేశించగానే మన ఇండ్లలో శీతకాలపు సెలవుల ప్రస్తావన మొదలవుతుంది. పూర్వం ఆ సెలవులంటే పుట్టింటి ప్రయాణమో, తిరుపతి యాత్రో. ఇప్పుడు హైదరాబాదులో విమానమెక్కి కాశ్మీరంలోని గుల్మార్గ్‌కు వెళ్లి, కాళ్లకు పొడవైన పలకలు తగిలించుకొని మంచు వాలు మీద జారే క్రీడను, అంటే స్కీయింగ్‌ను, నేర్చుకొని వచ్చే కుటుంబాలు కూడా మన మధ్య ఉన్నాయి. టిక్కెట్లు, బస, ఉన్ని దుస్తులు అన్నీ ముందుగానే సమకూర్చుకొంటారు. దేహాన్ని సిద్ధం చేసుకొనవలెనన్న సంగతి మాత్రం బయలుదేరే వారం నాటికి గాని గుర్తుకు రాదు. ఈ వ్యాసం వ్రాయడానికి నా పొరపాటొకటి కారణం గనుక దానితోనే ప్రారంభిస్తాను.

నేను చేసిన పొరపాటు

నలభైఆరేళ్ల బ్యాంకు అధికారి ఒకరు భార్యతో, కళాశాలలో చదివే కుమారునితో గుల్మార్గ్ వెళ్లబోతూ నా వద్దకు వచ్చారు. "వైద్యులుగారూ, చలికి తట్టుకొనేందుకు ఏదైనా లేహ్యం ఇవ్వండి" అన్నారు. నాడి చూశాను. కొద్దిపాటి వాత ప్రకోపం తప్ప దోషమేమీ కనబడలేదు. లేహ్యం ఇచ్చాను, ఒంటికి రాసుకొనడానికి తైలం ఇచ్చాను, రోజూ అయిదు కిలోమీటర్లు నడవమన్నాను. ఆయన చెప్పినట్లే మూడు వారాలు పార్కులో శ్రద్ధగా నడిచారు.

తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతికర్ర పట్టుకొని ఉన్నారు. గుల్మార్గ్‌లో రెండవ రోజు సాయంకాలం, తొడలు వణుకుతున్నా, "ఇంకొక్కసారి" అని వాలు ఎక్కి జారారట. కాలు మెలిపడి మోకాలి లిగమెంటు దెబ్బతిన్నది. ఎముకల వైద్యుడు ఆరు వారాల విశ్రాంతి విధించాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన భార్య మాత్రం నెమ్మదిగా అడిగింది: "మీరు నడవమన్నారు, ఆయన నడిచారు. కాని అక్కడ చేయవలసింది నడక కాదు కదండీ?"

ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేదు. రోగిని పరీక్షించాను గాని, ఆయన చేయబోయే పనిని పరీక్షించలేదు.

మంచు వాలు దేహాన్ని ఏమి అడుగుతుంది?

తర్వాత ఆ క్రీడ తెలిసినవారిని అడిగి తెలుసుకొన్నాను. స్కీయింగ్ చేసేవాడు మోకాళ్లు కొద్దిగా వంచి, నడుమును ముందుకు వాల్చి, ఆ భంగిమలోనే నిమిషాల కొద్దీ నిలవవలెను. దేహం క్రిందికి జారిపోతుంటే తొడల ముందుభాగపు కండరాలు సాగుతూనే బరువును ఆపుతూ ఉండవలెను. చదునైన నేల మీద నడిచేటప్పుడు కండరానికి ఈ శ్రమ తెలియదు. మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. కొండ ఎక్కి దిగిన రెండవ రోజున తొడలు పట్టివేసేది దిగినందువల్లనే గాని ఎక్కినందువల్ల కాదు.

తొడలు అలసిపోతే ఆ బరువు మోకాలి కీలు మీద పడుతుంది. అప్పుడు పలక ఒకవైపు, దేహం ఒకవైపు తిరిగితే లిగమెంటు తెగుతుంది. కనుక మోకాలిని కాపాడేవి తొడలు, పిరుదులు, నడుము. వీటికి తోడు ఒంటికాలి మీద నిలకడ కావలెను.

అర్ధశక్తి అనే కొలత

వాగ్భటుడు అష్టాంగహృదయంలో వ్యాయామానికి ఒక హద్దు పెట్టాడు. బలవంతులూ, స్నిగ్ధాహారం తినేవారూ సైతం శీతకాలంలోనూ వసంతంలోనూ తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయవలెను. మిగిలిన ఋతువులలో అంతకంటె తక్కువ. మితిమీరితే దప్పిక, శ్వాస, దగ్గు, జ్వరం, వాంతి మొదలైనవి కలుగుతాయని హెచ్చరించాడు.

సగం శక్తి అయినదని ఎలా తెలుస్తుంది? గురుకులంలో మా గురువుగారు నా చేత రోకలితో మూలికలు దంపిస్తూ నా ముఖం చూస్తూ ఉండేవారు. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పోసి, నోరు ఎండి, ముక్కుతో ఆడుతున్న ఊపిరి నోటికి రాగానే "ఇక చాలు నాయనా" అనేవారు. అదే కొలత. నోరు మూసుకొని ఊపిరి పీల్చగలిగినంత వరకు కొనసాగించండి. నోరు తెరవవలసి వస్తే ఆగండి. అనుదినం ఇలా చేస్తూ ఉంటే ఆ హద్దు దానంతటదే పైకి జరుగుతుంది.

ఎనిమిది వారాల క్రమం

కాశ్మీరంలో డిసెంబరు 21 నుండి నలభై రోజుల తీవ్రమైన చలిని చిల్లాయ్ కలాన్ అంటారు. ఫిబ్రవరిలో ప్రయాణం పెట్టుకొన్నవారు డిసెంబరు ఆరంభంలో సాధన మొదలుపెడితే సరిపోతుంది. జఠరాగ్ని ప్రబలంగా ఉండి, తిన్నది చక్కగా ఒంటబట్టే హేమంతం అది. బలం కూడబెట్టుకొనడానికి ఇంతకంటె తగిన ఋతువు లేదు. వారానికి అయిదు రోజులు సాధన, రెండు రోజులు విశ్రాంతి.

మొదటి రెండు వారాలు: అరగంట చురుకైన నడక. కుర్చీ పట్టుకొని పది గుంజీలు, రెండు విడతలు. గోడకుర్చీ ఇరవై సెకన్లు, మూడుసార్లు. బడిలో పంతులుగారు శిక్షగా వేయించిన గోడకుర్చీయే ఈ క్రీడకు ముఖ్యమైన సాధన అని తెలిసి నాకు నవ్వు వచ్చింది. ఒక్కొక్క కాలి మీద అర నిమిషం వృక్షాసనం.

మూడు నుండి అయిదు వారాలు: నడక ముప్పావుగంట. మూడు నాలుగు అంతస్తులు మెట్లెక్కి, కమ్మీ పట్టుకొని మెల్లగా దిగండి. దిగడమే ఇక్కడ అసలు సాధన. లిఫ్టులో దిగితే ఫలం పోతుంది. గుంజీలు పదిహేను చొప్పున రెండు విడతలు, గోడకుర్చీ నలభై సెకన్ల వరకు. నడుముకు సేతుబంధాసనం, భుజంగాసనం.

ఆరు, ఏడు వారాలు: ఆరు నుండి ఎనిమిది అంతస్తులు. గోడకుర్చీ ఒక నిమిషం. గోడకు దగ్గరగా నిలిచి, కళ్లు మూసుకొని ఒంటికాలి నిలకడ. మోకాలి నొప్పి లేనివారు పక్కలకు చిన్న గంతులు వేయవచ్చు.

ఎనిమిదవ వారం: అన్నింటినీ సగానికి తగ్గించండి. ప్రయాణానికి ముందు రెండు రోజులు పూర్తి విశ్రాంతి. చివరి వారంలో లోటు పూడ్చుకొందామని హడావుడిగా శ్రమపడేవారు గాయాలతోనే విమానమెక్కుతారు.

అభ్యంగం, ఆహారం

వాగ్భటుని దినచర్యలో అభ్యంగం, వ్యాయామం, ఉద్వర్తనం, స్నానం వరుసగా వస్తాయి. ఉద్యోగస్తులు వారానికి రెండుసార్లైనా పాటించండి. గోరువెచ్చని నువ్వుల నూనెను తలకు, చెవులకు, పాదాలకు, విశేషించి మోకాళ్లకు, పిక్కలకు పట్టించండి. జారకుండా అరికాళ్లు తుడుచుకొని వ్యాయామం చేయండి. పిదప సున్నిపిండితో నలుగు పెట్టుకొని వేడినీళ్ల స్నానం. జ్వరం, అజీర్ణం, జలుబు ఉన్నప్పుడు అభ్యంగం కూడదు.

ఆహారంలో మినప సున్నుండలు, నువ్వుల చిమ్మిలి, నేయి, పాలు, ఉలవచారు ఈ ఋతువుకు తగినవి. రోజుకు ఒక సున్నుండ చాలును. మధుమేహులు బెల్లపు పదార్థాలు మాని, పప్పులు, గ్రుడ్లు, మజ్జిగ వంటివి తమ పథ్యంలో చేర్చుకొనవలెను. శొంఠి, మిరియాలు వేసిన చారు రాత్రి భోజనంలో ఉంటే అగ్ని నిలుస్తుంది. అశ్వగంధాది ఔషధాలను మీ శరీరం ఎరిగిన వైద్యుని సలహా లేకుండా వాడవద్దు.

కొండ మీద జాగ్రత్తలు

శ్రీనగరం సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్లు. అక్కడి గొండోలా, అనగా తీగమార్గం, రెండవ అంచె అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటుతుంది. 2,500 మీటర్లు దాటిన చోట గాలి పలచబడి కొందరికి తలనొప్పి, వికారం, తలతిరుగుడు, నిద్రలేమి కలుగుతాయి. వీటిని అజీర్ణమనుకొని శొంఠి నమిలి ఊరుకోవద్దు. మొదటి రాత్రి శ్రీనగరంలో గడపండి. గుల్మార్గ్ చేరిన రోజు విశ్రమించండి. రెండవ అంచెకు మొదటిరోజే వెళ్లవద్దు. కూర్చొని ఉన్నా ఆయాసం, మాట తడబాటు, నడకలో తూలు కనబడితే ఆ క్షణమే క్రిందికి దిగి వైద్యుని చేరవలెను. అందుకు ఇంటి వైద్యం లేదు.

దప్పిక లేకపోయినా గోరువెచ్చని నీరు త్రాగుతూ ఉండండి. కుంకుమపువ్వు, ఏలకులు, దాల్చినచెక్క వేసిన కాశ్మీరీ కహ్వా హితమైనది. మద్యం వెచ్చదనాన్ని ఇచ్చినట్లు భ్రమింపజేసి, చర్మం గుండా దేహపు వేడిని హరిస్తుంది. మంచు మీద ప్రతిఫలించే ఎండ కళ్లకు హాని చేస్తుంది గనుక నల్లకళ్లద్దాలు తప్పనిసరి. మొదటిసారి వెళ్లేవారు శిక్షకుడు లేకుండా వాలు మీదికి పోరాదు.

హృద్రోగులు, రక్తపోటు అదుపులో లేనివారు, ఆస్త్మా గలవారు ముందుగా తమ డాక్టరు అనుమతి పొందవలెను. గర్భిణులకు, మోకాలి గాయం పూర్తిగా మాననివారికి ఈ క్రీడ తగదు. మన స్త్రీలలో పాండురోగం, అనగా రక్తహీనత, ఎక్కువ. బయలుదేరే రెండు నెలల ముందే రక్తపరీక్ష చేయించుకొంటే సరిదిద్దుకొనే వ్యవధి ఉంటుంది.

ఆమె నేర్పిన పాఠం

మరుసటి సంవత్సరం నన్ను ప్రశ్నించిన ఆ ఇల్లాలే కుమారునితో కలిసి మళ్లీ గుల్మార్గ్ వెళ్లింది. ఈసారి నవంబరు నెలాఖరులోనే నా వద్దకు వచ్చి పైన చెప్పిన క్రమాన్ని వ్రాసుకొని పోయింది. వంటింట్లో పాలు కాగేలోగా గోడకుర్చీ వేసేదట. భర్త గడియారం చూసి సెకన్లు లెక్కపెట్టేవారట.

వచ్చిన తర్వాత ఆమె చెప్పిన మాట ఇది. మూడవ రోజు మధ్యాహ్నం కుమారుడు "ఇంకొక్కసారి జారుదాం అమ్మా" అన్నాడు. ఎండ బాగున్నది, వాలు ఎదురుగానే ఉన్నది. కాని ఆమె నోటితో ఊపిరి తీస్తున్నట్లు గమనించుకొన్నది. పలకలు విప్పి, కొట్టులో కూర్చొని కహ్వా త్రాగింది. వాడు కొంచెం అలిగాడు. మరునాడు ఇద్దరూ ఉత్సాహంగా మళ్లీ జారారు.

ఎనిమిది వారాల సాధన ఆమెకు తొడల బలంతో పాటు ఆగవలసిన చోటును కూడా తెలియజేసింది. మొదటిసారి ఆమె భర్తకు నేను ఇవ్వని మందు అదే. ఈ సంవత్సరం మంచుకు బయలుదేరే పాఠకులు లేహ్యం కోసం వెతకడానికి ముందు మీ ఇంటి మెట్లు దిగడం మొదలుపెట్టండి.