రాబందులను ఎవరు లెక్కపెట్టారు?

రాబందుల మాట ఎత్తితే చాలు, ఈ ప్రశ్న తప్పదు: "నూటికి తొంభై తొమ్మిది పోయాయంటారు, ఎవరు లెక్కపెట్టారండీ? మా చెరువు మీద రోజూ తిరుగుతూనే ఉన్నాయి కదా!" చెరువు మీద తిరిగేవి గద్దలు. తోక చివర చీలినట్టుంటే అది గద్దే. రాబందు తోక పొట్టిది, మెడ దాదాపు బోడి, రెక్కలు విప్పితే రెండు మీటర్లు పైనే. ఎవరు లెక్కపెట్టారన్నది మాత్రం అడగవలసిన ప్రశ్నే.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా పిసకం, మెతుకు పట్టి చూస్తాం. 1990ల మొదట్లో ఉత్తర, మధ్య భారతంలో రోడ్ల వెంట నెమ్మదిగా వాహనంలో వెళ్తూ, ఇరువైపులా అర కిలోమీటరులో కనబడ్డ రాబందులన్నిటినీ రాసుకున్నారు. 2000 నుంచి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ బృందం అదే పద్ధతిలో ఆ దారులనే మళ్లీ మళ్లీ చూసింది. అయితే రాబందుల కుండ ఒకే తీరుగా ఉడకదు. కళేబరం పడినచోట వంద దిగుతాయి, ఆ తర్వాత ఎంత దూరం పోయినా ఒక్కటీ కనబడదు. అడుగున మాడి, పైన పలుకుగా ఉన్న అన్నమన్నమాట. అలాంటి కుండలో మెతుకు పట్టి మొత్తం సంగతి చెప్పలేం. కానీ ప్రతిసారీ అవే చోట్ల మెతుకులు పట్టి చూస్తే, కిందటిసారికీ ఇప్పటికీ ఎంత తేడా వచ్చిందో గట్టిగా చెప్పగలం. తెల్లవీపు రాబందులు 2007 నాటికి 1992లో ఉన్నవాటిలో వెయ్యింటికి ఒకటిగా మిగిలాయన్న మాట అలా తేలిందే. భరత్‌పూర్ పార్కులో 1987-88లో 353 గూళ్లుంటే 2003 నాటికి ఒక్కటీ లేదు.

మొత్తం ఎన్ని అన్నది వేరే లెక్క. రోడ్ల మీది సాంద్రతను విస్తీర్ణంతో హెచ్చించి 2015లో వేసిన అంచనా ప్రకారం దేశంలో తెల్లవీపువి సుమారు 6,000, పొడుగు ముక్కువి 12,000, సన్న ముక్కువి 1,000. ఈ అంకెలు చాలా అటూ ఇటూ కావచ్చు. అంతమాత్రాన తగ్గుదల అబద్ధమైపోదు.

విస్తీర్ణం విషయంలోనూ పొరపాటుపడతాం. మ్యాపులో రంగు పూసినంత మేరా పక్షి ఉండదు. పొడుగు ముక్కు రాబందు మేతకు పదుల కిలోమీటర్లు పోతుంది, గూడు మాత్రం ఎక్కువగా నిటారు కొండచరియల్లోనే పెడుతుంది. తెలంగాణలో 2013లో బెజ్జూరు అడవుల్లోని పాలరాపుగుట్ట మీద ఇలాంటి గూళ్లు బయటపడ్డాయి. అక్కడి పక్షికి ప్రాణహిత దాటి మహారాష్ట్రలోకి పోవడం ఎంతసేపు! ఆకాశంలో కనబడ్డవాటిని ఎవరికి వారు లెక్కపెట్టి కలిపితే ఒకే పక్షి రెండుసార్లు పడుతుంది. అందుకే బండమీది తెల్లని రెట్టచారలను బట్టి గూడు పట్టుకుని, జంటలను లెక్కిస్తారు.

ఇంటి మీద రాబందు వాలితే అరిష్టమని ఇల్లే పాడుపెట్టినవాళ్లున్నారు. కుళ్లే కళేబరాన్ని చూస్తుండగానే శుభ్రం చేసే పక్షికి ఆ నింద అన్యాయం. వాటిని చంపింది పశువులకిచ్చి, కళేబరాల్లో మిగిలిపోయిన నొప్పి మందు డైక్లోఫెనాక్ అని పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో తేల్చింది. 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని నిషేధించాక పతనం నెమ్మదించిందని చెప్పిందీ ఆ రోడ్డు లెక్కలే.

మీ పశువుకు నొప్పి మందు రాయిస్తే రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఇమ్మని అడగండి. ఎక్కడైనా రాబందు కనబడితే ఫోటో తీసి, చోటు, తేదీ రాసి అటవీశాఖ వారికి తెలపండి.