కత్తికి కలిసొచ్చే లెక్క!

హనుమంతునిపాడులోనైనా, గిద్దలూరులోనైనా అరుగు మీద అష్టాచెమ్మా ఆడినవాళ్లకు ఓ సంగతి తెలుసు. అవతలివాళ్ల కాయ మూడు గళ్ల దూరంలో ఉంటే, దాన్ని చంపడానికి సరిగ్గా మూడే పడాలి. ఏళ్ల తరబడి ఆడుతున్న అవ్వకైనా, నిన్న నేర్చుకున్న మనవడికైనా గవ్వలు ఒకేలా పడతాయి. చేతివాటం ఉన్నవాళ్ల మాట వేరనుకోండి!

మరి ఆడేవాడి కండబలాన్నీ, నేర్పునీ కూడా పందేనికి కలిపితే? ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ చేసేది అదే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడిపిస్తుంటే, మిగతావాళ్లు తలా ఒక వీరుడి పాత్ర తీసుకుని రాక్షసులతో తలపడతారు. కత్తి దూసిన ప్రతిసారీ 20 ముఖాల పాచిక వేయాల్సిందే.

లెక్కకు మార్కాపురం పలక, బలపం చాలు. మన వీరుడి బలం 16 అనుకుందాం. అందులో 10 తీసేసి సగం చేస్తే 3. ఆయుధం పట్టే నేర్పుకు మరో 2. (2014 నాటి నియమాల్లో కొత్తవాడికి ఇచ్చేది ఇంతే. 17వ స్థాయికి చేరితే 6 ఇస్తారు.) మొత్తం 5. ఎదురుగా ఉన్న రాక్షసుడి రక్షణ 15. అంటే పాచిక మీద 10 గానీ, ఆపైన గానీ పడితే దెబ్బ తగిలినట్టే. అవకాశం నూటికి 55. మంత్రపు కత్తి దొరికి ఇంకొక్కటి కలిస్తే 60. బలం 17 ఉంటే మూడున్నర వస్తుందని మురిసిపోవద్దు... ఆ అర కొట్టేస్తారు!

20 పడితే ఎంతటి రాక్షసుడికైనా తగులుతుంది. 1 పడితే ఎంతటి వీరుడైనా గురి తప్పుతాడు. అక్కడ ఏ కూడికా పనిచేయదు.

ఒకప్పుడు ఇంత తేలిక కాదు. కవచం గట్టిపడేకొద్దీ అంకె తగ్గేది, సున్నా దాటి మైనస్‌లోకీ పోయేది! ఆ తీసివేతలతో తలలు పట్టుకున్నవాళ్లు ఎందరో. 2000లో వచ్చిన మూడో కూర్పు దాన్ని మామూలు కూడికగా మార్చింది.

అయినా కలపడం మరిచిపోతే కష్టమే. నెలల తరబడి పెంచుకున్న వీరుడు కొన ఊపిరితో ఉన్నాడు. ఈ దెబ్బ తప్పితే రాక్షసుడి వంతు వస్తుంది. పాచిక మీద 9 పడింది. అయిదు కలిపితే 14... ఒక్కటి తక్కువ! అందరూ ఉసూరుమంటుండగా పక్కనున్న కుర్రాడు అడుగుతాడు, ‘‘ఒరే, పూజారి దీవెన కలిపావా?’’ అని.

దీవెనకు నాలుగు ముఖాల పాచిక. దాని మీద అన్నిటికన్నా చిన్న అంకె 1. ఇక ఎంత పడినా తగిలినట్టే!