గుడారం ఏ వైపు వేద్దాం?

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివే సమయం ఒకటుంటుంది. రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, కుదరని పెళ్లి సంబంధాల కోసం మనవులు వస్తాయి. పట్టణ సంఘాల్లో వీటితోపాటు మరో మనవి కూడా తరచుగా వినిపిస్తోంది. 'ఇంటి అద్దె పెంచారు, తక్కువలో మంచి ఇల్లు దొరికేలా ప్రార్థించండి' అన్నదే ఆ మనవి. విశాఖపట్నం నడిబొడ్డు నుంచి మధురవాడకు, మధురవాడ నుంచి ఆనందపురానికి, అక్కడి నుంచి తగరపువలస మీదుగా భోగాపురానికి... జాతీయ రహదారి వెంట ఉత్తర దిక్కుగా మన కుటుంబాలు కొన్ని జరుగుతూ పోతున్నాయి. ఆ మనవికి మనం 'ఆమేన్' అంటాం, ఇంటికి వెళ్లిపోతాం. అయితే ఊరు మారే కుటుంబానికి ఆమేన్‌తోపాటు ఆలోచన కూడా కావాలి.

మొదటి ప్రశ్న ఏమిటంటే, ఖర్చు భరించలేక ఊరు వదిలితే అది అవిశ్వాసమా? అలా అనేవారు మనలో లేకపోలేదు. 'దేవుడు పెట్టిన చోటే ఉండాలి, ఆయనే పోషిస్తాడు' అని సొంత ఇంట్లో కూర్చుని అద్దె ఇంటివాళ్లకు చెప్పడం తేలికే! కానీ బైబిలు అలా చెప్పదు. ఏలీషా ప్రవక్త షూనేమీయురాలికి రాబోయే కరవు సంగతి ముందే చెప్పి, ఇంటివారిని తీసుకుని ఎక్కడ బతకగలిగితే అక్కడికి వెళ్లమన్నాడు. చనిపోయిన ఆమె కొడుకును బతికించిన ప్రవక్తే ఆమెను ఊరు విడిచి వెళ్లమన్నాడు! ఆమె ఏడేళ్లు ఫిలిష్తీయుల దేశంలో తలదాచుకుంది (2 రాజులు 8:1-2). అద్భుతాలు చేసే దేవుడే ఆమెకు మూటాముల్లె సర్దుకోమన్న సలహా కూడా ఇచ్చాడు. కాబట్టి బతుకుతెరువు కోసం ఊరు మారడం సిగ్గుపడే పని కాదు, పాపం అంతకంటే కాదు.

అసలు ఉత్తరాంధ్రకు వలస కొత్తా? తగరపువలస, చిట్టివలస, గూడెపువలస, తిప్పలవలస... ఈ ప్రాంతంలో ఊరి పేరు చివరే 'వలస' ఉంటుంది. ఎక్కడి నుంచో వచ్చి గుడిసె వేసుకున్నవాళ్ల జ్ఞాపకం ఆ పేర్లలో నిలిచిపోయింది. ఇక్కడి నుంచి బయటికి వెళ్లినవారి కథ మరీ పెద్దది. హైదరాబాదు, చెన్నై నిర్మాణ పనుల దగ్గర, గుజరాత్‌లోని వీరావల్ రేవులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చెమట ఉంది. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకు వెళ్లి పాకిస్తాన్ బలగాలకు చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగివచ్చిన 20 మంది ఆంధ్ర జాలర్లలో ఈ జిల్లాల వారున్నారు. ఇంటి ముందు సముద్రం ఉన్నవాళ్లు మరో సముద్రానికి వెళ్లారంటే అది విలాసం కోసం కాదు కదా! వాళ్లు సంపాదన కోసం దూరం వెళ్లారు, నేడు పట్టణాల నుంచి వెనుదిరుగుతున్నవారు ఖర్చు తగ్గించుకోవడానికి వస్తున్నారు. దారులు వేరైనా అవసరం ఒకటే.

ఐతే అవసరం నిజమైనంత మాత్రాన ప్రతి నిర్ణయమూ సరైనదైపోదు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు (లూకా 14:28). మనమూ కూర్చుని లెక్క చూద్దాం. నెలకు 30 వేలు సంపాదించే ఇంట్లో అద్దె, మెయింటెనెన్సు కలిపి 12 వేలు పోతున్నాయనుకుందాం. ఊరు మారితే అది ఆరు వేలకు దిగిందనుకుందాం. ఆరు వేలు మిగిలాయని సంబరపడతాం. కానీ ఉద్యోగం విశాఖలోనే ఉంటే? భోగాపురం నుంచి విశాఖ నగరానికి సుమారు 45 కిలోమీటర్లు. రానూపోనూ రోజుకు 120 రూపాయలే అనుకున్నా 26 పనిదినాలకు 3,120 రూపాయలు. మిగిలిన ఆరు వేలలో సగం బస్సే తినేసింది. రోజుకు మూడు గంటలు దారిలోనే గడిస్తే నెలకు 78 గంటలు, అంటే మూడు పగళ్లు, మూడు రాత్రులు దాటిపోయాయి. ఆ గంటలు ఎవరివి? పిల్లల పక్కన కూర్చుని చదివించాల్సినవి, కుటుంబ ప్రార్థనకు చెందాల్సినవి. ముసలి తల్లిదండ్రులకు నెలనెలా పెద్దాసుపత్రి అవసరం ఉందా? పిల్లల చదువు మధ్యలో ఆగుతుందా? ఇవన్నీ రాసుకున్నాక కూడా లెక్క కుదిరితే నిస్సందేహంగా బయలుదేరవచ్చు. అక్కడే పనిచేసుకోగల టైలరుకు, మేస్త్రీకి, పింఛను మీద బతికే విశ్రాంత ఉద్యోగికి ఆ లెక్క ఒకలా ఉంటుంది, విశాఖలో రాత్రి డ్యూటీ చేసే నర్సుకు మరోలా ఉంటుంది. పక్కింటివాళ్ల లెక్కతో మనం ఊరు మారకూడదు.

రెండో ప్రశ్న మరింత లోతైనది. మనం వెళ్లే ఊరు ఖాళీ స్థలం కాదు. భోగాపురమంటే కొబ్బరి, జీడి, సరుగుడు తోటలు, ముక్కాం, చేపల కంచేరు వంటి జాలరి ఊళ్లు. 2015లో ఇక్కడ విమానాశ్రయం అన్నారు. మొదట 15 వేల ఎకరాలన్న ప్రతిపాదన రైతుల నిరసనల తర్వాత తగ్గుతూ వచ్చి చివరికి సుమారు 2,200 ఎకరాల దగ్గర నిలిచింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది, అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ప్రజలు తాతల నాటి ఇళ్లు, చెట్లు, సమాధులు వదిలి పునరావాస కాలనీలకు వెళ్లారు. విమానాశ్రయం మాట వినిపించిన నాటి నుంచే రోడ్డు పక్కన లేఅవుట్ల బోర్డులు లేచాయి, ఎకరాల్లో మాట్లాడుకునే భూమిని గజాల్లో మాట్లాడుకోవడం మొదలైంది.

అంటే ఏమిటి? చవక అని మనం వెతుక్కుంటూ వెళ్లే ఊరే అక్కడివారికి ఖరీదైన ఊరు అవుతోంది! విశాఖలో అద్దె కట్టలేక వెళ్లిన మనం అక్కడ నాలుగు డబ్బులు ఎక్కువ ఇస్తామనగానే, కౌలు రైతు ఇంటి అద్దె కూడా పెరుగుతుంది. తాను పుట్టిన ఊళ్లో సెంటు స్థలం కొనలేని కూలి కొడుకు మళ్లీ హైదరాబాదు రైలెక్కుతాడు. మన బరువు మరొకరి నెత్తికి మారుతోందేమోనని విశ్వాసి ఆలోచించక తప్పదు.

ఇక్కడే మనకు లోతు, అబ్రాహాము గుర్తుకు రావాలి. వాళ్లిద్దరూ విడిపోవడానికి కారణం కూడా ఆ ప్రదేశం ఇద్దరికీ చాలకపోవడమే (ఆది 13:6). ఇద్దరికీ స్థలం కావాలి. లోతు కన్నులెత్తి నీళ్లు పారే మైదానాన్ని చూశాడు. అక్కడివాళ్లు ఎలాంటివారో, తన పిల్లలు ఎవరి మధ్య పెరుగుతారో చూడలేదు. గుడారాన్ని సొదొమ వైపు వేసినవాడు కొన్నాళ్లకు సొదొమ లోపలే స్థిరపడ్డాడు. అబ్రాహాము పెద్దవాడై ఉండీ ఎంచుకునే హక్కును చిన్నవాడికి వదిలేశాడు, హెబ్రోనులో గుడారం వేసుకుని అక్కడ బలిపీఠం కట్టాడు (ఆది 13:18). లోతు బలిపీఠం కట్టినట్టు ఎక్కడా రాసిలేదు. కొత్త ఊళ్లో దిగగానే నీళ్లెలా ఉన్నాయి, రోడ్డెంత వెడల్పు, నాలుగేళ్లలో రేటెంత పెరుగుతుంది అని అడగడంలో తప్పులేదు. అవి మాత్రమే అడిగితే అది లోతు చూపే.

భూమి కొనడం విషయంలో యిర్మీయా మనకు మరో మాదిరి. శత్రువు యెరూషలేమును ముట్టడించిన రోజుల్లో, ఎవరూ కొనని అనాతోతు పొలాన్ని ఆయన 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షులను పెట్టాడు, ముద్ర వేసిన పత్రం ఒకటి, ముద్ర లేని పత్రం ఒకటి రాయించి మట్టికుండలో భద్రపరచమన్నాడు (యిర్మీయా 32:9-14). చూడండి, ప్రవక్త కూడా పత్రాలు లేకుండా కొనలేదు! మనవాళ్లు మాత్రం 'అన్న మన సంఘస్థుడే' అన్న ఒక్క మాట మీద అడ్వాన్సు ఇచ్చేస్తారు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుటు అనుమతి చూడకుండా సంతకం పెట్టడం విశ్వాసం కాదు. ముఖ్యంగా డి-పట్టా భూముల సంగతి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి పేదల చేయి దాటకూడదనే 1977లో చట్టం వచ్చింది. తర్వాత ఆ నిబంధనలకు సవరణలు వచ్చినా, అలాంటి భూమిని పేదవాడి అవసరం చూసి కారుచవకగా రాయించుకోవడం విశ్వాసికి తగదు. యిర్మీయా ఆ పొలాన్ని లాభానికి అమ్ముకోవడానికి కొనలేదు. ఈ దేశంలో మళ్లీ జనం ఇళ్లు, పొలాలు కొనుక్కుని బతుకుతారన్న నిరీక్షణకు గుర్తుగా కొన్నాడు. మనం నివసించడానికి కొంటున్నామా, లేక ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయేవారికి శ్రమ అని యెషయా హెచ్చరించిన వరుసలో (యెషయా 5:8) నిలబడుతున్నామా? ఆ తేడా రిజిస్ట్రేషన్ ఆఫీసులో కనిపించకపోవచ్చు, దేవునికి కనిపిస్తుంది.

మరి వెళ్లినవారు ఏం చేయాలి? అకుల, ప్రిస్కిల్ల దంపతులను చూద్దాం. చక్రవర్తి ఆజ్ఞతో రోమా వదిలి కొరింథు వచ్చారు, తర్వాత ఎఫెసు వెళ్లారు, మళ్లీ రోమాలో కనిపిస్తారు. డేరాలు కుట్టుకుని బతికే ఆ ఇద్దరికీ ఎక్కడా స్థిరమైన ఇల్లున్నట్టు లేదు. కానీ ఎఫెసులోనూ, రోమాలోనూ వారి ఇంట సంఘం కూడింది (1 కొరింథీ 16:19, రోమా 16:5). మారిన ప్రతి ఊళ్లో వాళ్ల తలుపు తెరిచే ఉంది!

ఉత్తరాంధ్ర సంఘాలకు లోతైన వేళ్లున్నాయి. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. 1875లో కెనడా బాప్టిస్టులు భోగాపురానికి దగ్గరలోనే ఉన్న భీమునిపట్నంలో పని మొదలుపెట్టి బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం దాకా సాగారు. కాబట్టి మనం అక్కడికి సువార్తను కొత్తగా మోసుకెళ్లడం లేదు. పట్టణపు సౌండు సిస్టమ్, కొత్త పాటలు తెచ్చి 'ఇక్కడి ఆరాధన ఇలాగేనా?' అని పెదవి విరిచే ముందు, రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి ప్రార్థించిన ఆ ముసలమ్మల పక్కన కింద కూర్చోవడం నేర్చుకుందాం. వాళ్లు పోసే చోడి అంబలి తాగుదాం, వాళ్ల యాసను వెక్కిరించవద్దని మన పిల్లలకు చెబుదాం. ఉన్న సంఘానికి పోటీగా మరో బోర్డు కట్టకుండా, మిగిలిన అద్దె డబ్బుల్లో కొంత అక్కడి సండే స్కూలుకు, పొలం పోయిన ఇంటి పిల్లవాడి ఫీజుకు ఇద్దాం. మన ఖర్చు తగ్గింది ఆ ఊరివల్లే కదా, అందులో ఆ ఊరికి వాటా లేదా?

పట్టణ సంఘాలకూ ఒక మాట. ఊరు మారిన కుటుంబం పేరు రిజిస్టరులోంచి కొట్టేసి చేతులు దులుపుకోవద్దు. దగ్గరలోని పాస్టరు గారికి ఫోన్ చేసి అప్పగించండి, నెలకోసారి వెళ్లి కాటేజీ ప్రార్థన పెట్టండి. ఇక సంఘంలో సొంతిళ్లున్న విశ్వాసులారా, పై పోర్షనులో ఉన్నవారు మీతోపాటు ప్రభువు బల్లలో చేయి వేసేవారే అయితే, ఈ ఏడాది అద్దె పెంచే ముందు ఒక్కసారి ప్రార్థించండి. ఒక కుటుంబం ఊరు వదలకుండా నిలబెట్టేది ఒక్కోసారి ఆ వెయ్యి రూపాయలే కావచ్చు.

షూనేమీయురాలి కథకు ముగింపు కూడా ఉంది. ఏడేళ్ల తర్వాత తిరిగివచ్చేసరికి ఆమె ఇల్లు, పొలం ఇతరుల పాలయ్యాయి. ఆమె రాజుకు మొరపెట్టుకుంది. రాజు ఆమె భూమిని, ఆమె లేని కాలపు పంట రాబడితో సహా తిరిగి ఇప్పించాడు (2 రాజులు 8:6). ఊరు వదిలినవారినీ, ఊరు పోగొట్టుకున్నవారినీ దేవుడు మరచిపోడు. విశాఖ నుంచి సామాను లారీలో వెళ్తున్న కుటుంబమూ, మరడపాలెం నుంచి తరలిపోయిన కుటుంబమూ భోగాపురంలో ఇరుగుపొరుగు కావచ్చు. దిగిన మొదటి వారమే ఆ పొరుగింటి తలుపు తట్టి, పేర్లడిగి పలకరించి రావడంతోనే అక్కడ మన బలిపీఠానికి మొదటి రాయి పడుతుంది.