మడుగు లోతు, దారం బరువు

ఆవపల్లి నుంచి బాసగూడ వైపు వెళితే తాలిపేరు కనిపిస్తుంది. వానాకాలంలో ఒడ్లు ఒరుసుకుని పారే ఈ ఏరు వేసవి నాటికి బండల నడుమ మడుగులుగా మిగులుతుంది. సరిహద్దు దాటాక చర్ల మండలంలోని ప్రాజెక్టు దగ్గర కాస్త నిలిచి గోదావరిలో కలుస్తుంది. గాలం పట్టినవారికి ఏ కాలంలోనైనా ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఎర ఎంత లోతుకు దిగాలి?

మామూలు గాలమైతే చిక్కు లేదు. ఉరవడి పెరిగితే ఇంకో సీసపు గుండు కడతారు. ఫ్లై ఫిషింగ్‌లో అలా కాదు. ఈకలు, పోగులు చుట్టిన ఎరకు దాదాపు బరువే ఉండదు. దాన్ని దూరం విసిరేదీ, లోతుకు దించేదీ దారమే. అందుకే మునిగే దారాల ప్లాస్టిక్ పూతలో టంగ్‌స్టన్ పొడి కలుపుతారు. ఇంటర్మీడియట్ రకం సెకనుకు అంగుళం, అంగుళంన్నర చొప్పున దిగుతుంది. టైప్ 3 సుమారు 3 అంగుళాలు, టైప్ 6 సుమారు 6.

ఈ అంకెల్ని మాత్రమే నమ్మి కొంటే బోల్తా పడతారు. అవి నిలవ నీటి లెక్కలు. 6 అడుగుల లోతుకు టైప్ 3 చేరడానికి 24 సెకన్లు పడుతుంది. కదలని మడుగులో ఫర్వాలేదు, మనసులో లెక్కపెట్టుకుంటూ ఆగొచ్చు. నీరు సెకనుకు 2 అడుగుల వేగంతో పారుతుంటే ఆలోపు ఎర 48 అడుగులు కొట్టుకుపోతుంది. చిన్న మడుగైతే దాటిపోయినట్టే. టైప్ 6 అయితే 12 సెకన్లు, 24 అడుగులు. అందుకే ఎగువకు ఏటవాలుగా విసరాలి. ప్రవాహం దారాన్ని లాగి బిగించిందంటే ఎంత బరువైనదీ పైకి లేస్తుంది. దారం చివర కట్టే సన్నటి నైలాన్ పోగు 4 అడుగులు మించకపోతే మంచిది. పొడవైతే దారం అడుగున, ఎర మాత్రం నడిమి నీటిలో!

వేసవిలో లెక్క తిరగబడుతుంది. నిలిచిన మడుగులో టైప్ 6 నేరుగా బండల సందుల్లోకి దూరి చిక్కుకుంటుంది. ఇంటర్మీడియట్ చాలు. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చే చేప. నాచు మొక్కల మధ్య దానికి అసలు మునిగే దారమే అక్కర్లేదు, తేలేది వాడాలి. లోతుల్లో పొంచి ఉండే వాలుగకు మాత్రం అడుగు దాకా దించాల్సిందే.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఏళ్ల తరబడి కాల్పుల వార్తలకే ఎక్కిన దారి ఇది. సరదా వేటకు ఇటు వచ్చేదెవరు? ఇక్కడివారికి చేపంటే కూర.

అత్యంత బరువైన దారం అవసరమనిపించేది వరదల్లోనే. కానీ జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు ఛత్తీస్‌గఢ్ నదుల్లో వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమది. టైప్ 6 పని ఆ తర్వాతే, నీరు ఇంకా తీయని రోజుల్లో.